మూడు మన్నుల నడుమ మోటారు సైకిలు

తాండూరు బజారులో వరుసగా నిలిపియున్న బండ్ల సంఖ్యాఫలకములను తీరికగా చదువుకొనుచు పోయినవారికి ఈ సీమ యొక్క ఇటీవలి పరిపాలనా చరిత్ర సమస్తమును అందు గోచరించును. ఏపీ 28 అను గుర్తుగలది ఉమ్మడి రాష్ట్రమున రంగారెడ్డి జిల్లాలో నమోదైన బండి. 2014లో రాష్ట్రము వేరుపడిన పిమ్మట కొన్నాళ్ళు టీఎస్ అక్షరములతో ఆ జిల్లాకు క్రొత్తగా ఇచ్చిన అంకె సాగినది. 2016 అక్టోబరు 11వ తేదీన వికారాబాదు జిల్లా అవతరించిన మీదట టీఎస్ 34 వచ్చినది. 2024 మార్చి నుండి టీజీ 34 వేయబడుచున్నది. పదునైదేండ్లు నిండిన బండి ఒకటి తొలి కిక్కుకే స్టార్టయి నెమ్మదిగా సాగిపోవుచుండగా, దాని ప్రక్కనే నాలుగేండ్లయినను నిండని బండి నీలిపొగ గ్రక్కుచు మెకానిక్కు షెడ్డు ముందు నిలిచియుండుట ఆ బజారున అరుదైన దృశ్యము కాదు. ఇట్లేల జరుగుచున్నది అను విచారణయే ఈ వ్యాసమునకు మూలము.

మోటారు సైకిలు కొనబోవువారు సాధారణముగా ధర ఎంతయనియు, మైలేజి ఎంతయనియు, పికప్ ఎట్లుండుననియు అడుగుదురు. ఈ మూడును తగిన ప్రశ్నలే. కాని నా దృష్టిలో వీని మూటికంటెను ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు. అది ఈ బండి ఏ మన్నుమీద నడువబోవుచున్నది అనునది. కంపెనీవారు ముద్రించి ఇచ్చు పట్టికలో సీసీలు, హార్స్‌పవరు, టార్కు, బరువు మున్నగు సంగతులన్నియు ఉండునుగాని, కొన్నవాని ఊరి నేల ఎట్టిదో ఆ పట్టిక ఎరుగదు, ఎరుగవలసినవాడు కొన్నవాడే.

ఈ జిల్లా నేల ఒక్క తీరుది కాదు. వికారాబాదు పట్టణము సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన పీఠభూమిమీద ఉన్నది. దాని చెంతనే మూసీనదికి పుట్టినిల్లయినట్టియు, అనంతపద్మనాభస్వామి వెలసినట్టియు, ఒకప్పుడు క్షయరోగులు మంచి గాలికై వచ్చి చేరిన ఆరోగ్యనిలయమునకు నెలవైనట్టియు అనంతగిరి కొండలు కలవు. ఆ కొండలపై కప్పుగా నిలిచిన మన్ను జేగురురంగుది. భూగర్భశాస్త్రజ్ఞులు లాటరైటు అందురు. అచటినుండి ధారూరు మీదుగా పడమటికి దిగిపోయినకొలది నేల క్రమముగా నల్లబడి రేగడియగును. 2022లో భౌగోళిక గుర్తింపును పొందిన తాండూరు కంది పండునది ఈ రేగడిలోనే. ఆ రేగడి క్రింద పొరలు పొరలుగా పరచుకొనియున్నది సున్నపురాయి. ఎన్నో ఊళ్ళ ఇండ్లలో నేలపై పరచుకొన్న తాండూరు బండలు అందుండి తీసినవే. గనులలో దానిని కోయునపుడును, పాలిషింగు యూనిట్లలో నునుపుచేయునపుడును, లారీలలో తరలించునపుడును, సిమెంటు కర్మాగారముల చేరువను లేచు తెల్లని పొడి ఈ సీమకు మూడవ మన్ను. ఎర్రమన్ను ఎగురును, నల్లమన్ను అంటుకొనును; తెల్లనిదో, ఎండలో ఎగిరి, తడిసినచోట ముద్దయై అంటుకొని, ఆరిన తర్వాత గట్టిపడి ఊడదు. తాండూరునుండి వికారాబాదునకు నిత్యము వచ్చిపోవు బండి, నలువది కిలోమీటర్ల దూరములో, ఈ మూటి పాలును పడుచున్నదన్నమాట.

1874లో సికింద్రాబాదునుండి వాడివరకు నిజాం రాజ్యపు రైలుదారి పడినప్పటినుండి వికారాబాదును తాండూరును దూరదేశములతో సంబంధము గల ఊళ్ళే. ఐనను స్టేషనులో దిగినవాడు తన పల్లె చేరుటకు కాలినడకయో ఎడ్లబండియో, పిదప కాలమున సైకిలో తప్ప వేరు సాధనము లేక చిరకాలము గడచినది. ఆ కొరతను తీర్చినది మోటారు సైకిలు. 1885లో జర్మనీ దేశమున డైమ్లరు, మేబాఖ్ అను ఇరువురు కొయ్యచట్రమునకు పెట్రోలు ఇంజనును అమర్చి నడపిన వాహనము ఈ జాతికి ఆద్యమని చెప్పుదురు. మన దేశమున దీని తయారీ స్వాతంత్ర్యానంతరము నిలద్రొక్కుకొన్నది. సైన్యపు అవసరముల నిమిత్తము తెప్పించిన రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెటును 1955నుండి మద్రాసులో కూర్పసాగిరి. తరువాతి దశాబ్దమున మైసూరునుండి జావాయు, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూతును వెలువడినవి. కాని ఇవి పల్లెలలో మోతుబరులకును, ఉద్యోగులలో కొందరికిని మాత్రమే అందుబాటులో ఉండెడివి.

మోడళ్ళ భేదము తెలియవలెనన్న ముందుగా ఇంజను చేయు పనిని కొంచెము తెలిసికొనవలెను. ఇంజనులో జరుగు క్రియలు నాలుగు: గాలితో కలసిన పెట్రోలును లోనికి పీల్చుట, దానిని అదుముట, నిప్పురవ్వతో మండించి బలమును పొందుట, మండగా మిగిలిన పొగను వెడలగొట్టుట. పిస్టను ఒకమారు పైకిని ఒకమారు క్రిందికిని పోవులోగానే ఈ నాలుగును ముగియునది టూ స్ట్రోకు ఇంజను. ఒక్కొక్క క్రియకు ఒక్కొక్క ప్రయాణము చొప్పున పిస్టను నాలుగుమార్లు నడచునది ఫోర్ స్ట్రోకు. మొదటిదానిలో ప్రతి చుట్టునకు ఒక మంట కలుగును గనుక చిన్న ఇంజనే అయినను చురుకుదన మెక్కువ. కాని అందు కొంత పెట్రోలు మండకయే బయటికి పోవును. పెట్రోలుతోపాటు ఆయిలు కూడ కాలి పొగయగును. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఈ జాతికి శిరోభూషణము. 98 సీసీల చిన్ని ఇంజనునుండి ఇంచుమించు 11 హార్స్‌పవరు పుట్టించిన ఆ బండిని నడిపినవారు దాని శబ్దమును నేటికిని మరువరు. 1996లో దాని తయారీ నిలిచిపోయినను, ఇప్పటికిని దానిని వెదకి కొని, విడిభాగములు సంపాదించి, ప్రాణప్రదముగా చూచుకొను యువకులు కలరు.

అదే 1985వ సంవత్సరమున వచ్చిన హీరో హోండా సీడీ 100 పల్లెల గమనమునే మార్చివేసినది. 97.2 సీసీల ఫోర్ స్ట్రోకు ఇంజను, నాలుగు గేర్లు, అంతవరకు కనివిని ఎరుగని మైలేజి. దీని వంశమూలము 1958లో జపానులో హోండావారు వెలువరించిన సూపర్ కబ్ అను చిన్న బండి. 2017 నాటికి పదికోట్లకు మించి తయారైన ఆ బండి ఇంజను పోలికలే దీనియందును కనిపించును. సిలిండరు దాదాపు నేలబారుగా ముందునకు చాచియుండుటచే ఎదురుగాలి దానికి సూటిగా తగిలి చల్లబరచును. పెట్రోలు పోసి, మూత బిగించి, ఇక మరచిపొమ్మని నాడు ఆ బండిని గూర్చి ప్రకటన చేసిరి. ఆ ప్రకటన దేశమంతట నాటుకొన్నది. 1994లో వచ్చిన స్ప్లెండరు దానిని ఇంటింటికిని చేర్చినది. మరచిపోయినను నడచునంతటి గట్టి ఇంజను కావున ఆ మాటలో అసత్యము లేదు. ఐనను తాండూరు దుమ్ములో ఆ మరపునకు మూల్యము చెల్లింపక తప్పదు. ఆ సంగతి ముందు చెప్పెదను.

హార్స్‌పవరు, టార్కు అను రెండు మాటలు పట్టికలలో తరచు కనిపించును. టార్కు అనగా చక్రమును త్రిప్పు మెలిబలము. ఆ త్రిప్పుటను ఎంత వేగముగా చేయగలదో తెలుపునది హార్స్‌పవరు. ఇద్దరు మనుష్యులను, ఒక కంది బస్తాను ఎత్తుకొని ఎత్తుపల్లముల బాటలో మొదటి గేరులో కదలవలసిన బండికి తక్కువ వేగముననే మంచి టార్కు అందవలెను. హైదరాబాదు రోడ్డుపై లారీని దాటిపోవలసిన బండికి హార్స్‌పవరు కావలెను. స్ప్లెండరు బలము ఇంచుమించు 8 హార్స్‌పవరు, బరువు 112 కిలోలు; ఊరికిని పొలమునకును పట్టణమునకును మధ్య నిత్యము తిరుగువానికి ఇది చాలును. 2001లో బజాజ్‌వారు తెచ్చిన పల్సరు 150 సీసీల తరగతిలో యువకులను ఆకర్షించినది. 2003లో దానికి ఒక సిలిండరులోనే రెండు స్పార్కు ప్లగ్గులను అమర్చిరి. మంట రెండు వైపులనుండి అంటుకొనుటచే ఇంధనము త్వరగాను పూర్తిగాను కాలును. నిత్యము చేవెళ్ళ మీదుగా పెద్ద మర్రిచెట్ల నడుమ సాగు రహదారిని హైదరాబాదునకు పోయివచ్చు ఉద్యోగికి ఈ తరగతి బండి సముచితము.

పొగడ్తకు నోచుకొనక పని చేయు బండి ఒకటి కలదు. 1980లో టీవీఎస్‌వారు విడుదల చేసిన రెండు సీట్ల మోపెడు కాలక్రమమున ఎక్సెల్ అయి, 2015లో 99.7 సీసీల ఫోర్ స్ట్రోకు ఇంజనుతో ఎక్సెల్ 100 అయినది. గేర్లు లేవు, ఇంజను వేగము పెరిగినకొలది తనంతట తాను పట్టుకొను క్లచ్చు ఉన్నది, సీటునకును హ్యాండిలునకును నడుమ ఖాళీ చోటున్నది. ఆ ఖాళీలోనే ఈ సీమ బ్రతుకుదెరువు ఎంతయో ప్రయాణము చేయుచున్నది: పాలక్యానులు, మేతమోపులు, ఎరువుల సంచులు, మేస్త్రీల పనిముట్లు. దీనిని పేదవాని బండి యని చులకన చేయువారితో నేను ఏకీభవింపను. యంత్రమును అది చేయు పనినిబట్టి తూచవలెను. ఆ తూకమున ఎక్సెల్‌కు సాటివచ్చునవి తక్కువ. ఐతే దీని బ్రేకులును చక్రములును చిన్నవి గనుక, ఎంత బరువైనను మోయునుగదా యని అనంతగిరి దిగుడులో ఎత్తుమోపుతో వదలుట ప్రమాదకరము.

సెలవుదినములలో హైదరాబాదునుండి అనంతగిరికిని, కోటిపల్లి జలాశయమునకును వరుసకట్టి వచ్చు యువకుల బండ్లు వేరు జాతివి. పాత బుల్లెటు 346 సీసీలది. సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు కాగా పిస్టను ప్రయాణము 90 మిల్లీమీటర్లు. ఇట్టి పొడవైన ప్రయాణముచేతనే ఆ ఇంజను నెమ్మదిగా, బరువుగా, విడివిడిగా కొట్టుకొనును; తక్కువ వేగముననే లాగును. ఇప్పటి బుల్లెటు 349 సీసీలది. 27 న్యూటన్ మీటర్ల టార్కు దాని గుణము. 2016లో వచ్చిన హిమాలయన్‌కు 411 సీసీల ఇంజనుతోపాటు ముందు 21 అంగుళముల చక్రమును, నేలకు 220 మిల్లీమీటర్ల ఎడమును ఇచ్చిరి. స్ప్లెండరునకు ఆ ఎడము 165 మిల్లీమీటర్లు మాత్రమే. రాళ్ళ బాటలో ఇంజను అడుగుభాగము తగులకుండుటకు ఈ ఎడమే ఆధారము. కొండదారుల విహారమునకు అవి తగినవేగాని, రోజూ ఇరువది కిలోమీటర్లు పోయివచ్చు రైతుకు అంతటి బరువును, అంతటి పెట్రోలు ఖర్చును అనవసరమని నా అభిప్రాయము.

ఈ పదేండ్లలో ప్రభుత్వ నిబంధనలవలన బండ్ల నిర్మాణమున పెద్ద మార్పులు వచ్చినవి. 2017 ఏప్రిలు నుండి ఇంజను నడుచునంతసేపును హెడ్‌లైటు వెలుగుచుండవలెనన్నారు. 2019 నుండి 125 సీసీలవరకు గల బండ్లకు ఒక బ్రేకు నొక్కిన రెండు చక్రములును పట్టుబడు జంట బ్రేకు పద్ధతియు, అంతకు మించినవానికి చక్రము బిగుసుకొనిపోకుండ కాపాడు ఏబీఎస్ పద్ధతియు విధిగా వచ్చినవి. 2020 ఏప్రిలు 1 నుండి పొగ కాలుష్యమును తగ్గించు బీఎస్ 6 ప్రమాణములు అమలులోనికి రాగా, గాలిలో పెట్రోలును కలుపు కార్బురేటరు స్థానమును ఫ్యూయల్ ఇంజెక్షను ఆక్రమించినది. సెన్సార్లు గాలి వేడిమిని, థ్రాటిలు తెరపును కనిపెట్టి చెప్పగా, చిన్న కంప్యూటరు లెక్కకట్టి, సూదిమొన వంటి రంధ్రముగుండ పెట్రోలును చిమ్మును. చోకు లాగి కిక్కులు కొట్టు శ్రమ తప్పినది. కాని కొత్త జాగ్రత్తలు కొన్ని వచ్చిచేరినవి. పెట్రోలు పంపు ట్యాంకులోపలనే మునిగియుండి ఆ పెట్రోలుచేతనే చల్లబడును గనుక, పాతబండిలో రిజర్వుమీద ఈడ్చినట్లు దీనిని అడుగంట నడుపరాదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయినచో పంపును కంప్యూటరును పనిచేయక, ఎన్ని కిక్కులు కొట్టినను చాల బండ్లు స్టార్టు కావు.

ఇక దుమ్ము సంగతికి వచ్చెదను. ఇంజను పెట్రోలుతో బ్రతుకుచున్నదని మనమనుకొందుముగాని, ఒక గ్రాము పెట్రోలు కాలుటకు ఇంచుమించు 15 గ్రాముల గాలి కావలెను. ఘనపరిమాణమున చూచినచో ఒక లీటరు పెట్రోలుకు వేలకొలది లీటర్ల గాలిని ఆ చిన్న యంత్రము పీల్చుచున్నది. ఆ గాలి వికారాబాదు బైపాసుదో, తాండూరు పాలిషింగు యూనిట్ల నడిమి సందుదో, ఇంజనుకు తెలియదు. గనిలో బండ కోయు కూలీ మూతికిని ముక్కునకును తువ్వాలు చుట్టుకొన్నట్లు బండికి ఎయిర్ ఫిల్టరును అమర్చిరి. ఆ అడ్డును దాటి సన్నని రేణువులు లోనికి పోయినచో పిస్టను రింగులకును సిలిండరు గోడకును నడుమనున్న ఆయిలు పొరలో కలసి గరుకుముద్దయగును. సున్నపురాయి మెత్తనిదే, కాని దానితో కలసియున్న సిలికా రేణువులు సిలిండరు ఇనుమునకంటె గట్టివి. పిస్టను నిమిషమునకు వేలమార్లు పైకి క్రిందికి ఆడుచు ఆ ముద్దతోనే తన గోడను తాను అరగదీసికొనును. రింగులు అరిగినపిమ్మట అదుముడు బలము తగ్గి పికప్ పోవును. ఆయిలు పైకెక్కి కాలి నీలిపొగయై సైలెన్సరునుండి వెడలును. అప్పుడు మెకానిక్కు చెప్పుమాట ఒక్కటే: “బోరు పోయింది.” సిలిండరును తరిమెన పట్టించి పెద్ద పిస్టను వేయించుటయో, కొత్త బోరుకిట్టు కొనుటయో తప్ప మార్గాంతరము లేదు. వేలరూపాయల ఈ వ్యయమునకు మూలకారణము, సకాలమున చూడని కొలదిపాటి ఖరీదుగల ఒక ఫిల్టరు.

కంపెనీవారి పుస్తకములో ఇన్నివేల కిలోమీటర్లకు ఫిల్టరు మార్చుడని వ్రాసి, దుమ్ము ప్రాంతములందు ఇంకను తరచుగా చూడవలెనని క్రింద చిన్న అక్షరములలో సూచింతురు. ఆ చిన్న అక్షరములు మనకొరకు వ్రాసినవే. గనుల దారిని నిత్యము తిరుగువాడు ఆ గడువును సగమునకు తగ్గించుకొనుట శ్రేయస్కరము. ఫిల్టర్లు ప్రధానముగా రెండు విధములు. పాతబండ్లలోని స్పాంజి ఫిల్టరును కిరసనాయిలుతో కడిగి, పిండి, ఆరనిచ్చి, శుభ్రమైన ఆయిలులో తడిపి, మరల గట్టిగా పిండి వేసికొనవచ్చును. ఆ జిగటయే దుమ్మును పట్టుకొనును. ఇప్పటి బండ్లలో పెక్కింటికి ఆయిలు జిగట పూసిన కాగితపు ఫిల్టరుండును; దానిని కడుగరాదు, గాలికొట్టి దులుపరాదు, సమయము రాగానే మార్చివేయవలెను. పొడికాగితపు ఫిల్టరయినచో గాలిని లోపలివైపునుండి వెలుపలికి కొట్టవలెనేగాని, ఎదురుగా కొట్టినచో దుమ్ము కాగితములోనికి మరింత దిగబడును. పికప్ పెరుగునను భ్రమచేత ఫిల్టరును తీసివేసి నడుపు కుర్రవారు కొందరున్నారు. ఈ సీమలో అంతకంటె బండికి చేయదగిన ద్రోహము లేదు. మరియొక సంగతి మెకానిక్కులు కూడ తరచు విస్మరింతురు: ఫిల్టరు డబ్బానుండి కార్బురేటరునకో థ్రాటిలు బాడీకో పోవు రబ్బరు గొట్టము పాతబడి పగిలినచో, ఫిల్టరెంత కొత్తదైనను దుమ్ము ఆ చీలికగుండ దొడ్డిదారిని లోనికి పోవును.

ఇంజను ఆయిలు విషయమున కారుకును మోటారు సైకిలుకును ఒక ముఖ్యభేదము కలదు. కారులో ఆయిలు ఇంజనుకు మాత్రమే. బండిలో అదే ఆయిలు గేర్లకును క్లచ్చుకును కూడ పనిచేయును. అందుచే చవకగా దొరకెనని కారు ఆయిలు పోసినచో అందలి నునుపుద్రవ్యములవలన క్లచ్చు ప్లేట్లు జారవచ్చును. డబ్బాపై జాసో ఎంఏ యని వ్రాసియున్నదానినే, పుస్తకములో చెప్పిన చిక్కదనమునకు సరిపోవుదానినే కొనవలెను. 100 సీసీ బండిలో పట్టు ఆయిలు లీటరునకు లోపే. ఇంత స్వల్పమైన ద్రవము అంతటి వేడిమిని, రాపిడిని భరించుచున్నదని తలచినచో ఆలస్యము చేయ మనసొప్పదు. స్ప్లెండరు జాతి ఇంజనులలో కాగితపు ఆయిలు ఫిల్టరు లేదు. ఒక జల్లెడయు, తిరుగుడు వేగముచేత మురికిని అంచునకు నెట్టి పట్టియుంచు ఒక పళ్ళెమును మాత్రమున్నవి. ఏడాదికొకమారైనను ఆ పళ్ళెమును విప్పించి తుడిపించినవారి బండ్లే పదునైదేండ్లు నడచుచున్నవని అనుభవజ్ఞులైన మెకానిక్కులు చెప్పుదురు. ఆ మాట నాకు యథార్థముగనే తోచుచున్నది.

నల్లరేగడి పెట్టు బాధ చైనుకును చక్రమునకును. వానకాలమున పొలముబాటపై రెండు ఫర్లాంగులు పోవులోగా మడ్డుగార్డు లోపల రేగడి గడ్డకట్టి చక్రమును తిరుగనీయదు. బలవంతముగా థ్రాటిలు తిప్పినచో క్లచ్చు ప్లేట్లు కాలును. దిగి, పుల్లతో మట్టిని తీసి పోవుటయే మేలు. చైనును పూర్తిగా మూసియుంచు డబ్బాగల బండ్లు ఇట్టి నేలలకు అనుకూలములు. అందముకొరకు దానిని తీయించువారు తమ చైనుసెట్టు ఆయుస్సును తామే తగ్గించుకొనుచున్నారు. చైను మధ్యభాగమును వ్రేలితో ఎత్తి దించినపుడు సాధారణముగా రెండు మూడు సెంటీమీటర్ల వదులుండవలెను. అంతకు మించినచో చైను పండ్లమీదినుండి ఎగురును. మరీ బిగించినచో బేరింగులు పాడగును. బిగించునపుడు వెనుక చక్రపు రెండువైపులనున్న గీతలు సమానముగా ఉన్నవో లేవో చూచుకొనవలెను, బ్రేకు రాడ్డును కూడ సరిచేయించుకొనవలెను. చైనును కిరసనాయిలుతో కడిగి తుడిచి, 90వ నంబరు గేరు ఆయిలు పట్టించిన చాలును. కాలిన పాత ఇంజను ఆయిలు పూయుట దుమ్మును ఆహ్వానించుటయే. పండ్లు కొక్కెములవలె ఒక ప్రక్కకు వంగినచో చైనును స్ప్రాకెట్లను కలిపి మార్చవలెను; కొత్తచైనును పాతపండ్లు కొలదినాళ్ళలోనే తినివేయును.

తెల్లని బురద ఇంజను రెక్కల సందులలో చేరి ఎండినచో గాలితో చల్లబడవలసిన ఇంజను ఉడికిపోవును. గని పనివారి బండ్లలో ఇది తరచు చూడవచ్చును. ఐతే దానిని వదలించుటకు వాటర్ సర్వీసింగు చేయించునపుడు పైపు వడిని చక్రముల నడిమి బేరింగులకు, ఫిల్టరు డబ్బాకు, సైలెన్సరు మూతికి సూటిగా పెట్టనీయరాదు. కడిగినపిమ్మట బ్రేకులను నాలుగైదుమార్లు మెల్లగా పట్టి ఆర్చి, చైనుకు ఆయిలు వేసి, అప్పుడు రోడ్డెక్కవలెను.

అనంతగిరి ఘాటు చిన్నదే. కాని తాండూరు దారిలో బరువుతో దిగువారికి అది బ్రేకుల పరీక్ష. పెట్రోలు మిగులునని న్యూట్రలులో, కొందరు ఇంజను ఆపి కూడ, జారవిడుతురు. ఇది ప్రాణాపాయకరము. డ్రమ్ము బ్రేకులు ఎడతెగని రాపిడిచే వేడెక్కి పట్టు కోల్పోవును. గేరు తగ్గించి దిగినచో ఇంజనే బండిని వెనుకకు లాగి సగము పనిచేసిపెట్టును. అంతేకాదు, ఫ్యూయల్ ఇంజెక్షను బండ్లలో థ్రాటిలు మూసి గేరులో దిగునపుడు కంప్యూటరు పెట్రోలును నిలిపివేయును. న్యూట్రలులో మాత్రము ఇంజను ఆరిపోకుండుటకు పెట్రోలు పోయవలసియుండును. కనుక పొదుపు కొరకైనను గేరులో దిగుటయే లాభము. వెనుక బ్రేకు లివరు మొదట గుర్తుబాణము గీత దాటినచో లైనరు మార్చవలెనని అర్థము. డ్రమ్మునుండి రాపిడిశబ్దము వచ్చువరకు ఆగరాదు. తొలకరిలో ఎర్రమన్నుపై పడిన నాలుగు చినుకులు దారిని నూనెపూసినట్లు చేయును. అప్పుడు ముందుబ్రేకును గట్టిగా పట్టినవాడు పడుట నిశ్చయము. టైర్లలో గాలి తగినంత ఉండవలెను: 100 సీసీ బండికి ఒక్కడు ఎక్కినపుడు సాధారణముగా ముందు 25, వెనుక 28 పౌండ్లు, వెనుక మనిషియో మూటయో ఉన్నచో వెనుకటిది పెంచవలెను. ఆ లెక్క బండిమీదనే అంటించియుండును.

కందికోతల కాలమున కొన్నిచోట్ల కందికట్టెను రోడ్డుపై పరచి వాహనములచేత త్రొక్కింతురు. గుండ్రని గింజలు చక్రముక్రింద దొరలును. ఎండుకట్టె చైనులో చుట్టుకొనును. పొట్టు వేడి సైలెన్సరునకు అంటుకొని రాజుకొను ప్రమాదమును కలదు. అట్టిచోట వేగము తగ్గించి, దాటిన పిమ్మట ఒకమారు దిగి బండి అడుగు చూచుకొనవలెను. ఐఎస్ఐ ముద్రగల హెల్మెటు తలపై నుండవలెనని వేరుగా చెప్పనక్కరలేదుగాని, దాని అద్దము దుమ్మునుండి కన్నులను కాపాడునను ప్రయోజనమును ఈ త్రోవలలో తిరుగువారెరిగినంతగా ఇతరులెరుగరు.

సెకండ్ హ్యాండు బండి కొనువారికి ఒకటి రెండు సూచనలు. తెల్లవారి చల్లని ఇంజనును స్టార్టు చేయించి చూడుడు. అమ్మువాడు ముందుగనే వేడిచేసి ఉంచినచో సంశయింపవలెను. నల్లపొగ పెట్రోలు మించి కాలుచున్నదని చెప్పును, ఇది సరిచేయదగినది, నీలిపొగ బోరుది. ఆర్‌సీలోని ఇంజను నంబరును ఛాసిస్ నంబరును బండిమీది అంకెలతో పోల్చుకొనుడు. రంగును, కొత్త సీటు కవరును, మీటరులోని కిలోమీటర్లను పక్కనపెట్టి ఎయిర్ ఫిల్టరు డబ్బాను తెరిపించుడు. ఫిల్టరునుండి ఇంజనుకు పోవు గొట్టము లోపలిగోడను తెల్లని తడిగుడ్డ చుట్టిన వ్రేలితో తుడిచి చూడుడు. గుడ్డకు జిగటనూనె మాత్రమే అంటినచో దిగులులేదు. ఎర్రనిదో బూడిదరంగుదో గరుకుపొడి తగిలినచో, ఆ బండి ధరలోనుండి బోరుకిట్టు ఖరీదును, విప్పి బిగించు కూలిని ముందుగనే తగ్గించి బేరమాడవలెను. అమ్మువాడు ఒప్పుకొననిచో వేరొక బండిని చూచుకొనవలెను.